జంట టోపీ

విశాఖపట్నం ఆసుపత్రుల్లో ఇప్పుడు ఏ డాక్టరూ నొప్పి ఎలా ఉందని నోటితో అడగడం లేదు. జంట టోపీల్లో ఒకటి రోగికి పెట్టి, రెండోది తను పెట్టుకుంటాడు. రోగి నొప్పి ఒక్క నిమిషం డాక్టరు ఒంట్లోనూ పుడుతుంది. అది ఎక్కడ, ఎంత అన్నది యంత్రం తూకం వేసి, ఆ నరం వరకే మూసేస్తుంది. మందు చుక్క అక్కర్లేదు. ఈ సహవేదన యంత్రాన్ని కనిపెట్టింది డాక్టర్ హైమ.

దేశమంతా దీన్ని వాడాలంటే వైద్య మండలి అనుమతి కావాలి. సాయంత్రంలోగా హైమ ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి: రోగులు దీనికి అలవాటు పడతారా?

పాత వైద్యచరిత్ర చదివినప్పుడల్లా ఆమెకు నవ్వొచ్చేది. నల్లమందు అలవాటు మాన్పడానికి మార్ఫిన్ ఇచ్చారట. సూదితో ఎక్కిస్తే కడుపులోకి పోదు కనుక అలవాటే కాదన్నారట. ఆ మార్ఫిన్ మాన్పడానికి మళ్ళీ హెరాయిన్! పెనం మీంచి పొయ్యిలో పడటమంటే అదే. అంత చదివినవాళ్ళకు ఆ మాత్రం తెలియలేదా అని ఆమె ఆశ్చర్యం.

"'అలవాటు పడరు' అని పంపమంటారా?" అడిగింది యంత్రం.

"పంపుదువుగాని. ముందు రోగిని రానీ."

వచ్చినవాడు ఓడరేవులో క్రేను నడిపే సింహాద్రి. నుజ్జయిన కాలికి నిరుడు ఇక్కడే వైద్యం జరిగింది. కాలు నయమైంది. పోయిన నెల మోచెయ్యి కాలిందని వచ్చాడు, ఇప్పుడు అరచెయ్యి.

హైమ టోపీ పెట్టుకుంది. అరచెయ్యి భగ్గుమంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళకేసే సింహాద్రి ఆత్రంగా చూస్తున్నాడు.

"ఎలా కాల్చుకున్నావు బాబాయ్?"

"సెప్తే తిడతారు. పొయ్యి మీద నానే ఎట్టేసినానమ్మా."

"అయ్యో, ఎందుకు?"

"కాలు నొప్పో అని మొత్తుకుంటే ఇంట్లో ఒక్కరూ నమ్మనేదు. పనెగ్గొట్టడానికి నాటకాలన్నారు. మీరు టోపీ ఎట్టుకుని 'అమ్మో' అన్నారు సూడండి, అప్పుడు నా పేనం నిమ్మళించినాది. కాలు బాగైపోనాక మరి మీరు నన్ను పిలవనేదు గదా."

పాతవాళ్ళను చూసి నవ్వినందుకు హైమకు సిగ్గేసింది. మందు లేదు కదా అని ధీమాగా కూర్చుందే గాని, తనే ఆ మందునని తోచలేదు.

"నిమిషం అయింది. నరం మూసేయనా?" అడిగింది యంత్రం.

సింహాద్రి చప్పున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అప్పుడే వొద్దమ్మా. ఇంకాసేపుండనీండి."

హైమ టోపీ తియ్యలేదు.

"మండలికి 'అలవాటు పడతారు' అని పంపు," అంది యంత్రంతో. "నరం మాత్రం అప్పుడే ముయ్యకు."