మిగిలిన రెండు చరణాలు

మా ఊళ్ళో నవంబరు రెండో తారీఖున సమాధుల పండగ. పాలకొల్లు నుంచి నరసాపురం వైపు కాలవ గట్టు మీద వస్తుంటే, రొయ్యల చెరువుల మధ్యలో అరెకరం మెరక కనిపిస్తుంది. అదే మా లూథరన్ సంఘం వాళ్ళ సమాధుల తోట. వారం ముందు నుంచే చిట్టియ్య బాబాయి గడ్డి చెక్కి, సమాధులకి సున్నం వేసి సిద్ధం చేస్తాడు. గోతులు తవ్వేదీ ఆయనే. ఆ సాయంత్రం ప్రతి ఇంటివాళ్ళూ బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని తమవాళ్ళ దగ్గరికి వస్తారు. క్వయిర్, అంటే మా పాటల బృందం, ఒక్కో సమాధి దగ్గరా ఆగుతుంది. పోయినవాళ్ళకి ఇష్టమైన పాట ఇంటివాళ్ళు అడుగుతారు, మేం పాడతాం. పద్నాలుగేళ్ళుగా ఆ పాటలకి గిటారు వాయించేది నేనే. నా పేరు ఏసురత్నం.

అక్కడ మాకు రెండు కట్టుబాట్లున్నాయి. కొవ్వొత్తి వెలిగించని సమాధి దగ్గర పాడకూడదు, అడిగేవాళ్ళు లేరు కాబట్టి. ఎత్తుకున్న పాట చివరి చరణం అయ్యేదాకా ఆ సమాధి దగ్గర్నుంచి కదలకూడదు. వాన ముంచెత్తినా సరే, పాట పూర్తి కావాల్సిందే. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళ చాదస్తం అనుకునేవాణ్ణి.

ఆ ఏడాది వేసవిలో నా ఎడమ చెయ్యి పాడైంది. బొటనవేలి మొదట్లో చిన్న సలుపుగా మొదలై, ఆగస్టుకల్లా మోచేతిదాకా పాకింది. అన్ని రోజులూ ఒకలా ఉండేది కాదు. కొన్నాళ్ళు చెయ్యి మాట వినేది, కొన్నాళ్ళు వినేది కాదు. పొద్దున్న లేవగానే పక్క మీదే పిడికిలి బిగించి చూసుకునేవాణ్ణి. బిగిస్తే మంచి రోజు. బిగియకపోతే ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు, ఐసుముక్కలు, సాగే బ్యాండేజీ, పైన నొప్పి స్ప్రే. సన్న తీగెలు మార్చాను. చూపుడువేలు ఆరు తీగెల మీదా అడ్డంగా పరిచి నొక్కే బార్ కార్డులు వస్తే దొంగతనంగా సగం తీగెలే నొక్కేవాణ్ణి. మరీ పాడు రోజైతే వాల్యూం తగ్గించేసి ఉత్తినే చెయ్యి ఆడించేవాణ్ణి. కీబోర్డు దగ్గరుండే రమేష్ బాబు నా మొహం చూసి తన సౌండు పెంచేవాడు. ఇద్దరం కలిసి సంఘాన్ని మోసం చేశాం, ఇంకేం చెప్పను!

నా భార్య క్రిస్టినా పాలకొల్లులో ఒక ఆసుపత్రిలో నర్సు. తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆరు వారాలు గిటారు ముట్టుకోవద్దన్నారాయన. ఆయనకేం, చీటీ మీద రాసేశారు. పదో తరగతి తప్పినవాణ్ణి, పొలం లేనివాణ్ణి, నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం రానివాణ్ణి. ఊళ్ళో నన్ను 'గిటారు రత్నం' అంటారు. అందులోంచి గిటారు తీసేస్తే ఆ రత్నం ఎవడికి కావాలి?

అక్టోబరు చివరి ఆదివారం ఆరాధన మధ్యలో వేళ్ళు కొయ్యబారిపోయాయి. పాట మధ్యలో గిటారు ఆగిపోయిన సంగతి హాలంతా విన్నది. మా పాస్టరు అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, ఎంతో నెమ్మదిగా చెప్పారు. "క్రిస్మస్ ముందు అడ్వెంటు ఆదివారాలకి, గిటారు వాయించడానికి రాజమండ్రి నుంచి ఒకతన్ని పిలుస్తున్నాం రత్నం. నువ్వు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో." సరేనండీ అన్నాను. బండి మీద ఇంటికొస్తూ ఏడ్చాను. రాబోయే సమాధుల పండగే నాకు ఆఖరి అవకాశం. ఆ ఒక్క సాయంత్రం బాగా వాయిస్తే అయ్యగారు మనసు మార్చుకుంటారని ఆశ.

ఆ రోజు నాలుగున్నరకే తోటకి వెళ్ళిపోయాను. ఆకాశం ముసురు పట్టి ఉంది. తడి సున్నం వాసన, బంతిపూల వాసన, వాటి వెనకాల రొయ్యల మేత కంపు. చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళని చప్ చప్ మని కొడుతున్నాయి. పొద్దున్నే పిడికిలి బిగియలేదు. వేళ్ళు కాస్త వేడెక్కించుకోవాలి. కానీ ఎవరి కంటా పడకూడదు. వెతుక్కుంటూ తోట చివరికి, చెరువు గట్టు పక్కకి వెళ్ళి కూర్చున్నాను. అక్కడొక మట్టిదిబ్బ ఉంది. శిలువ లేదు, సున్నం లేదు. అది సమాధేనని తెలుసు. తెలిసే కూర్చున్నాను.

చిన్నప్పటి నుంచి వచ్చిన నాలుగు చరణాల పాట ఎత్తుకున్నాను. గొంతులోనే సన్నగా పాడుకుంటూ వాయించాను. రెండు చరణాలు పళ్ళ బిగువున లాగించాను. మూడో చరణం మొదట్లో బార్ కార్డు ఉంటుంది. చూపుడువేలు పరిచానో లేదో, మణికట్టులోంచి మోచేతిదాకా సూది దిగినట్టయింది. చెయ్యి జారిపోయింది. పాట ఆగిపోయింది. కోపమొచ్చి గిటారుని మట్టిలో పడేశాను.

అప్పుడే ఏరియేటర్లు ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాను. ఆ నిశ్శబ్దంలో... కింద పడున్న గిటారు ఇంకా మోగుతోంది. సన్నగా. ఒకే తీగె. చాలాసేపు...

గేటు దగ్గర జనం మాటలు వినపడి లేచి వెళ్ళిపోయాను.

మొదటి సమాధి సంపూర్ణమ్మగారిది, రమేష్ బాబు వాళ్ళ నాయనమ్మ. కొవ్వొత్తులు వెలిగించారు. పాట మొదలైంది. నాలుగు కార్డులకే కళ్ళు బైర్లు కమ్మాయి. దేవా, ఈ ఒక్క సాయంత్రం అని మనసులో బతిమాలుకున్నాను. అంతలో చూపుడువేలి మీద చల్లగా తగిలింది. వాన చినుకనుకున్నాను. ఆ చల్లదనం వేలి పొడవునా పరుచుకుంది. మెత్తగా... బరువుగా... తర్వాత మధ్యవేలి మీద. తర్వాత ఉంగరపు వేలి మీద.

నా వేళ్ళ మీద వేళ్ళు.

నొక్కాయి. బార్ కార్డు ఖంగుమంది. నొప్పి లేదు... ఎక్కడా లేదు!

పదకొండు సమాధుల దగ్గర వాయించాను. నాకు రాని వరసలు కూడా వాయించాను. రమేష్ బాబు వంగి చెవిలో అన్నాడు. "ఏంటన్నా ఇవాళ, ఇంత బాగా పలికిస్తున్నావ్!" భయపడాల్సింది పోయి సంతోషంతో ఏడ్చాను. అయ్యగారు భుజం తట్టి, రాజమండ్రి అతనికి కబురు చెయ్యనులే అన్నారు.

మర్నాడు చూస్తే కొత్త తీగెలు తుప్పు పట్టి ఉన్నాయి. క్రిస్టినా నా చెయ్యి పట్టుకుని చూసింది. వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ముడతలు పడ్డాయి.

"ఎంతసేపు నానబెట్టారండీ నీళ్ళలో?"

"వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకున్నాన్లే," అని అబద్ధమాడాను. చెయ్యి బురద వాసనేస్తోంది. ఎంత సబ్బు రుద్దినా పోలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఒక్క పాడు రోజు కూడా రాలేదు. గిటారు పట్టుకోగానే ఆ చల్లదనం వచ్చేది, పాట అయ్యాక పోయేది. తీగెలు రెండు రోజులకోసారి మార్చాల్సి వచ్చేది, అంతే. మందులన్నీ అలమార్లో పడేశాను. ఊళ్ళో ఛాతీ విరుచుకుని తిరిగాను. అడుగుదామా ఎవరినైనా అనిపించేది. అడిగితే పోతుందేమోనని నోరు మూసుకున్నాను.

ఒకరోజు తెల్లారుతుండగా క్రిస్టినా లేపింది. "ఏవండీ... నా చెయ్యి మీద వాయించకండి."

కళ్ళు తెరిచి చూశాను. నా ఎడమ చెయ్యి తన ముంజేతిని గిటారు మెడలా పట్టుకుని ఉంది. వేళ్ళు కదులుతున్నాయి. నేను కదపడం లేదు. ఒట్టు, నేను కదపడం లేదు... ఆ కార్డులు నాకు తెలుసు. మొదటి చరణం. రెండో చరణం. మూడో చరణం మొదట్లో చూపుడువేలు అడ్డంగా పరుచుకుంది. ఆగింది. మళ్ళీ మొదటి నుంచి...

అదే చోట ఆగింది. మళ్ళీ మొదటి నుంచి...

పొద్దెక్కగానే చిట్టియ్య బాబాయి దగ్గరికి పరిగెత్తాను. ఇంటి ముందు పలుగు కడుగుతున్నాడు. అంతా చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"ఆ దిబ్బ దగ్గర ఎత్తుకున్నావా పాట?"

"ఎత్తుకున్నాను బాబాయ్."

"పూర్తి చేశావా?"

"లేదు. చెయ్యి పట్టేసింది."

పలుగు గోడకి ఆనించి, చేతులు పంచెకి తుడుచుకున్నాడు. "ఆరేళ్ళయింది. కాలవలో కొట్టుకొచ్చాడు ఆ మనిషి. ఏ ఊరో, ఏ కులమో, ఎవరి బిడ్డో తెలీదు. అయ్యగారే ప్రార్థన చేసి పూడ్పించారు. గోతిలో నీళ్ళు ఊరిపోతున్నాయి, తోడినకొద్దీ ఊరాయి. తొందర్లో పాట పాడలేదబ్బాయ్. అతనికి ఎవరూ ఎప్పుడూ పాడలేదు. నువ్వే మొదలుపెట్టావు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"మిగిలిన రెండు చరణాలు వాయించెయ్. అతని దారిన అతను పోతాడు."

"మరి నొప్పి?"

"అది నీదే కదా. నీ దగ్గరే ఉంటుంది."

ఆ సాయంత్రమే వెళ్ళాం. చిట్టియ్య బాబాయి దిబ్బ మీద కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించాడు. గొడుగు అడ్డం పెట్టి పక్కన నిలబడ్డాడు. నేను మట్టిలో కూర్చుని మూడో చరణం అందుకున్నాను. చల్లటి వేళ్ళు వచ్చాయి. ఈసారి ఆగలేదు. బార్ కార్డు దాటాయి. దాటగానే గొడుగు కింద ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు వినపడింది. బాబాయి వైపు చూశాను. ఆయన పెదాలు బిగించుకుని ఉన్నాడు.

మూడో చరణం సగంలో చిటికెన వేలి మీద బరువు తేలిపోయింది. ఆ వేలు నాదైపోయింది. వెంటనే నొప్పి దిగింది. తర్వాత ఉంగరపు వేలు. నొప్పి. మధ్యవేలు. నొప్పి. మూడు వారాల నుంచీ దాచిపెట్టిందంతా ఒక్కసారిగా తీరుస్తున్నట్టుంది. మూడో చరణం అయ్యేసరికి చూపుడువేలి మీది బరువు ఒక్కటే మిగిలింది. వచ్చే ఆదివారమే అడ్వెంటు. హాలు నిండా జనం. మళ్ళీ వాల్యూం తగ్గించుకుని చేతులాడించే రత్నం. రాజమండ్రి మనిషికి కుర్చీ వేసి ఇచ్చే రత్నం...

చెయ్యి ఎత్తేశాను.

"ఆపకు..." చిట్టియ్య బాబాయి గుసగుసగా అన్నాడు. "రత్నం... ఆపకు... ఒక్క చరణమే."

"నావల్ల కాదు బాబాయ్."

"చెయ్యి నొప్పా?"

నొప్పి అని అబద్ధం చెప్పలేకపోయాను. ఆయనకి అర్థమైంది. నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కొవ్వొత్తి అక్కడే వదిలేసి, నా బండి ఎక్కకుండా గట్టు మీద నడిచి వెళ్ళిపోయాడు.

ఒక్కణ్ణే ఉన్నాను. వేళ్ళ మీదికి చల్లదనం తిరిగొచ్చింది. ఒకటి... రెండు... నాలుగూ. బొటనవేలు కూడా. ఈసారి వేళ్ళ దగ్గర ఆగలేదు. మణికట్టు దాటింది. మోచెయ్యి దాటింది. భుజం... నొప్పి పూర్తిగా పోయింది. అమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్తున్నాను, అమ్మయ్యనే అనుకున్నాను.

శనివారం పొద్దున్న రిహార్సల్‌కి బయల్దేరుతుంటే క్రిస్టినా అడ్డం వచ్చింది. "చెయ్యి ఐసులా ఉందండీ. ఒక్క నిమిషం కూర్చోండి." కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి గడియారం చూసుకుంది. వీధిలో రమేష్ బాబు హారన్ కొడుతున్నాడు. క్రిస్టినా భృకుటి ముడిపడింది. వేళ్ళు కాస్త జరిపి మళ్ళీ ఆనించింది.

"రెండు కొట్టుకుంటున్నాయేంటండీ ఇక్కడ?"

"ఏంటి రెండు?"

"నాడి... ఒకటి గబగబా. ఒకటి దాని కింద... నెమ్మదిగా..."

నవ్వబోయాను. నవ్వు రాలేదు. తను కళ్ళు మూసుకుని లెక్కపెడుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఉన్నట్టుండి ఆగాయి.

"ఒకటి ఆగిపోయింది," అంది, వినీ వినపడనట్టు.

ఏది అని నేను అడగలేదు. క్రిస్టినా కళ్ళు తెరవలేదు. తన వేళ్ళు మణికట్టు వదిలి, మెల్లగా నా మెడ మీదికి వచ్చాయి. దవడ కింద వెతికాయి. ఇంకో పక్కకి వెళ్ళి వెతికాయి. ఇంకా వెతుకుతున్నాయి...