చెవితాడు

"ఇంకొక్కసారి," అంది ప్రణవి, గదిలో ఎవరూ లేకపోయినా.

కంప్యూటర్ మళ్లీ మొదటినుంచి వినిపించింది. ముందు తుఫాను హోరు. ఆమె కొత్తగా రాసిన ఫిల్టర్ ఆ హోరును ఉల్లిపొరల్లా ఒక్కొక్కటే ఒలుచుకుంటూ పోయింది. వాన చప్పుడు పోయింది. అలల మోత పోయింది. అడుగున ఇంకేదో మిగిలింది.

టకటక... టక్.

రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఇంకొకటి. చెక్క తెడ్డుతో పడవ అడుగును కొడుతున్నట్టుంది. ఆ తర్వాత ఒక మగ గొంతు, డోలు లోపల్నించి వచ్చినట్టు.

"నూకీ... తట్ట తేకు. ఇయాల సేపల్లేవు."

ప్రణవి ఇయర్‌ఫోన్లు తీసేసి బల్లమీద పెట్టింది.

ఆమె పనిచేసే చోటు ఉత్తరాంధ్ర తీరంలో ఒక కొండ కడుపులో ఉంది. పేరు తీర శ్రవణ కేంద్రం. 2058 నాటికి దేశం దగ్గర ఉన్న అతి గొప్ప చెవి అక్కడే ఉండేది. దాన్ని అందరూ చెవితాడు అనేవారు. సంగతి సులభమే. వెంట్రుకంత సన్నని గాజుదారాన్ని సముద్రం అడుగున పరుస్తారు. ఒడ్డు నుంచి దాంట్లోకి వెలుతురు పంపుతారు. నీళ్లలో ఎక్కడ చప్పుడైనా దారం రవ్వంత వణుకుతుంది. దారం వణికితే వెలుతురు వణుకుతుంది. ఆ వణుకును కంప్యూటర్ తిరిగి శబ్దంగా మారుస్తుంది. తాడు నలభై కిలోమీటర్ల దాకా ఉందని దేశానికి చెప్పారు. రెండు వందల కిలోమీటర్ల దాకా ఉందని ఎవరికీ చెప్పలేదు.

ఫిల్టర్‌ను పరీక్షించడానికి ప్రణవి పాత తుఫాను రికార్డింగ్ ఒకటి తీసుకుంది. పద్నాలుగు నెలల కిందటిది. ఇప్పుడు ఆ ఫైలు వివరాలు తెరిచి చూసింది. ఆ దెబ్బలను తాడు ఆ రోజే విన్నది. నాలుగు గంటలపాటు విన్నది. విన్న ప్రతిసారీ కంప్యూటర్ దానంతటదే ఒక ముద్ర వేసింది: "సైనికేతర శబ్దం. అవసరం లేదు."

ఒక మనిషి నాలుగు గంటలు తలుపు తట్టాడు. తలుపు అవతల చెవి ఉంది. మనిషే లేడు.

పాత పేపర్లు వెతకడానికి పది నిమిషాలు పట్టింది. ఆ తుఫానులో ఐదు పడవలు తప్పిపోయాయి, నాలుగు తిరిగొచ్చాయి. రానిది గవ్వలపాలెం సూరాడ ఎల్లాజీది. భార్య నూకరత్నం. ఫోటోలో ఆమె తట్ట చంకన పెట్టుకుని ఒడ్డున నిలబడి ఉంది.

*

డైరెక్టర్ సదానందం రికార్డింగ్ అంతా విని కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"అతని భార్యకు చెప్పడానికి మీ అనుమతి కోసమే వచ్చాను సార్. నలభై సెకన్లు. అంతే."

"ఇవ్వలేం."

"ఆమె పద్నాలుగు నెలలుగా ఒడ్డున నిలబడుతోంది. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలియదు. దినం చెయ్యాలో వద్దో తెలియదు. జవాబు మన దగ్గరుంది. ప్రజల సముద్రంలో, ప్రజలు వేయించిన తాడు మీద, ప్రజల్లో ఒకడు ఆఖరిసారి మాట్లాడితే, అది ప్రజలకే రహస్యమా?"

"ఈ మాటలు గోడ మీద బాగుంటాయమ్మా. నీ వయసులో నేనూ రాశాను, తారుతో."

"మరి ఎప్పుడు చెరిపేసుకున్నారు సార్?"

ఆయన ఆ దెబ్బను తీసుకుని బల్లమీదికి వంగాడు. "ఇప్పుడు ఆ దారిలో మన సబ్‌మరైన్ ఒకటుంది. డెబ్బై ఒక్క మంది. వాళ్ల వెనక ఎవరైనా పడితే హెచ్చరించేది ఈ తాడే. ఇది అంతదూరం ఉందని తెలిసిన రోజున అవతలివాళ్లు చేసే మొదటి పని దీన్ని కొయ్యడం. నీకు ఒక్క నూకరత్నమే కనబడుతోంది. ఆ డెబ్బై ఒక్క ఇళ్లల్లోనూ నూకరత్నాలు ఉన్నారు."

"వింటూ కూడా మనం వినలేదు సార్. ఆ సిగ్గు దాచుకోవడానికే ఈ రహస్యం."

సదానందం కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అది కూడా," అన్నాడు. "నీతో అబద్ధం చెప్పను."

అబద్ధం చెప్పి ఉంటే ఆమె కోపంతో ఊరుకునేదేమో. నిజం చెప్పాడు కాబట్టే ఊరుకోలేకపోయింది.

ఆ వారమంతా కూర్చుని ఆ నలభై సెకన్లలోంచి ప్రతి ఆనవాలూ తుడిచేసింది. తేదీ, లోతు, దిక్కు, దూరం. మూడుసార్లు సరిచూసుకుంది. శత్రువు చేతికి చిక్కినా ఒక మనిషి గొంతు తప్ప ఏమీ దొరకదు. అలా అనుకుంది.

*

గవ్వలపాలెంలో నూకరత్నం ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కనే మామ దానయ్య తెడ్డు చెక్కుకుంటున్నాడు. ప్రణవి ఎవరో, ఎందుకొచ్చిందో చెప్పింది. చేతిలో చిన్న ప్లేయర్ పెట్టి నొక్కింది.

టకటక... టక్.

ఆ ఊళ్లో ప్రతి పడవకీ ఒక పిలుపు ఉంది. పడవ ఇంకా కంటికి ఆనకముందే మగవాడు ఇంజన్‌ను ఒక వరసలో రెట్టించి తగ్గిస్తాడు. ఆ వరస విని వాడి ఆడమనిషి తట్ట తీసుకుని ఒడ్డుకొస్తుంది. రెండు వెంటవెంటనే, ఆగి ఒకటి: అది ఎల్లాజీ పిలుపు. వచ్చేత్తన్నానని. ఇంజన్ చచ్చిపోయాక దాన్నే తెడ్డుతో కొట్టాడు.

"నూకీ... తట్ట తేకు. ఇయాల సేపల్లేవు."

నూకరత్నం ముందు నవ్వింది. "సూడు మావా, సచ్చీటప్పుడు కూడా ఎటకారమే." తర్వాత ఇసుకలో కూలబడి ఏడ్చింది. "తేకు అన్నాడమ్మా. నానేమో రోజూ తెత్తన్నాను."

ఏడుపు ఆగాక లేచి వెళ్లి, గోడవారనున్న తట్టను బోర్లించి వచ్చింది. ప్రణవి చెయ్యి పట్టుకుంది. చేపల వాసన, ఉప్పు, ఎండ. ఇంత చిన్న దానికా ఇన్ని తాళాలు అనుకుంది ప్రణవి.

"మళ్లీ ఎయ్యమ్మా," అన్నాడు దానయ్య.

వేసింది. ముసలాయన తల పక్కకు వాల్చి కళ్లు మూసుకున్నాడు. మరోసారి వెయ్యమన్నాడు. ఆయన వింటున్నది కొడుకు గొంతును కాదు.

"ఆడెనకాల గొరకలు అరుత్తన్నాయి."

"గొరకలా?"

"సేపలమ్మా. కప్పల్లాగ అరుత్తాయి. ఈ తెడ్డు నీళ్లల్లో దించి, కొస సెవికానిత్తే ఇనబడతాయి. మా సిన్నప్పుడు అలాగే పట్టీవోళ్లం."

"అవి అన్నిచోట్లా అరుస్తాయి కదా తాతా?"

"మడిసన్నోడు అన్నిచోట్లా మాటాడతాడు. నువ్వు మాటాడితే ఏ ఊరిదానివో మాకు తెలీదేటి?" దానయ్య కళ్లు తెరిచాడు. "ఇంత బొంగురుగా, ఇంత గుంపుగా అరిసేది ఒక్క జంటరాళ్ల కాడే. నీళ్లడుగున కొండ. పన్నెండు గంటల దోవ. మా ఓడు అక్కడ పోనాడు."

పన్నెండు గంటల దోవంటే, దేశానికి చెప్పిన నలభై కిలోమీటర్లకు ఎంతో అవతల. అంకెలన్నీ తుడిచేసింది. చేపల్ని వదిలేసింది.

"తాతా... ఆ చోటు మాత్రం ఎవరికీ చెప్పకండి."

"సెప్పకుండా కర్మ ఎలాగ సేత్తామమ్మా? శవం దొరకనోడికి, పోయిన సోటే శవం."

రహస్యాలన్నీ బద్దలు కావాలని అరిచిన మనిషి, ఒక తండ్రిని రహస్యం దాచమని బతిమాలుతోంది. ఆ సంగతి ఆమెకే ముందు తెలిసొచ్చింది. తల వంచుకుని లేచింది.

*

మర్నాడు నలభైమూడు పడవలు జంటరాళ్ల మీద గుండ్రంగా నిలబడ్డాయి. పాలు పోశారు. పూలు వదిలారు. ఎల్లాజీ నీలం చొక్కాను నూకరత్నం తన చేత్తో నీళ్లకిచ్చింది. నలభైమూడు ఇంజన్లు ఒక్కసారి అతని పిలుపు పిలిచాయి. ఎవరో ఫోన్‌లో తీశారు. ఎవరో అడిగారు, చోటు ఎలా తెలిసిందని. "గవర్నమెంటోళ్ల తాడు ఇన్నాదంట," అని ఎవరో అన్నారు.

వారం తిరక్కుండానే ఆ మూడు దెబ్బలు దేశమంతా పాకిపోయాయి. స్కూలు బెంచీల మీద, బస్సు రేకుల మీద, టీ గ్లాసుల మీద జనం వాటినే కొట్టారు. వినకూడని పరాయివాళ్లు కూడా విన్నారు. జంటరాళ్లకివతల ఒకచోట తాడు తెగింది.

ప్రణవి అప్పటికే తనంతట తాను పోలీసు స్టేషన్‌కి వెళ్లి, ఇచ్చింది నేనేనని చెప్పి, జైల్లో ఉంది. సదానందం ఒక్కసారే వచ్చాడు.

"తాడు కోసేశారు. మన నౌక మూడు రోజులుగా పలకడం లేదు."

తిడతాడని ఎదురుచూసింది. తిట్టలేదు. జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమెకు ఏ వార్తా అందలేదు. డెబ్బై ఒకటి అనే అంకె ఒక్కటే ఆమెతోపాటు ఆ గదిలో ఉండిపోయింది. తింటున్నా అదే, పడుకున్నా అదే.

*

జైలు నుంచి సదానందం తిన్నగా గవ్వలపాలెం వెళ్లాడు.

"పద్నాలుగు నెలలు మా గుమ్మం తొక్కలేదు బాబూ," అన్నాడు దానయ్య. "ఇయాల దోవ ఎలాగ తెలిసినాది?"

"నా చెవి తెగిపోయింది," అన్నాడు సదానందం. "మీ చెవి కావాలి."

జరిగింది దాచకుండా చెప్పాడు. హెచ్చరించే తాడు లేక, వెనకపడినవాళ్లను సబ్‌మరైన్ ఆలస్యంగా చూసింది. తప్పించుకోబోయి నిటారుగా దిగి, జంటరాళ్ల కొండను కొట్టుకుని ఉంటుంది. వెతకడానికి వెళ్లిన పెద్ద ఓడల ఇంజన్ల రొదలో చిన్న చప్పుడేదీ వినబడటం లేదు. లోపల గాలి ఇంకో రెండు రోజులకే ఉంది.

దానయ్య కోడలివైపు చూశాడు. "నా సెవి మునపట్లాగ లేదు. నువ్వు రా."

కర్మకు తప్ప ఆడమనిషి వేట పడవెక్కడం ఆ ఊళ్లో లేదు. ఆ రోజు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

జంటరాళ్ల మీద ఇంజన్లు ఆపేశారు. రెండు పడవలు, ఆరుగురు మనుషులు. నూకరత్నం తెడ్డు నీళ్లలోకి దించి కొసను చెవికి ఆనించుకుంది. ముందు గొరకలు. కప్పల గుంపులా, బొంగురుగా. ఆయన ఆఖరున విన్నది వీటినేనా అనుకుంది. ఎండ నెత్తిమీద నుంచి పక్కకు జారింది. పడవ నాలుగుసార్లు చోటు మారింది.

అప్పుడు, గొరకల కింద నుంచి, ఇనుము మీద ఇనుము.

టకటక... టక్.

ఆమె కెవ్వుమంది. ఒక్క క్షణం ఆమెకు అది ఎల్లాజీయే. తెడ్డు వదిలేసి నీళ్లలోకి దూకబోతే దానయ్య నడుం పట్టుకుని ఆపాడు. కింద సబ్‌మరైన్‌లో ఉన్నవాళ్లకు ఆ వారం ఇంటి నుంచి రేడియోలో వచ్చిన కబుర్లలో ఒకరి భార్య ఆ మూడు దెబ్బల సంగతి రాసింది. రేడియో చచ్చిపోయాక వాళ్ల దగ్గర మిగిలినవి ఒక స్పానర్, ఆ పిలుపు.

నూకరత్నం ఊపిరి కూడదీసుకుంది. తెడ్డు తీసి పడవ అడుగును అదే వరసలో కొట్టింది. నీళ్లలోకి వంగి గొంతు చించుకుని అరిచింది.

"తట్ట తెచ్చినానయ్యో! రండయ్యా!"

రెండో రోజు సాయంకాలానికి ఆఖరి మనిషిని పైకి తీశారు. డెబ్బై ఒక్క మంది. ఇద్దరికి చేతులు విరిగాయి, ఒకడికి జ్వరం.

ఈ వెతుకులాట ఫైలు మీద వెంటనే రహస్యమని ముద్ర పడింది. తాడు తెగాక మన నౌక ఎంత గుడ్డిదైందో, మనుషుల్ని ఎలా వెతుక్కున్నామో అవతలివాళ్లకు తెలియకూడదు. పడవల్లో వెళ్లిన ఆరుగురి చేతా సంతకాలు చేయించారు.

"జైల్లో ఉన్న ఆ పాపకైనా సెప్పొచ్చా బాబూ?" అని అడిగింది నూకరత్నం.

"ఆమెకు అసలే చెప్పకూడదమ్మా," అన్నాడు సదానందం. అంటూ ఆమెవైపు చూడలేకపోయాడు.

*

జైలు ములాఖత్ గదిలో మధ్యన అద్దం, అద్దం కింద ఇటునుంచి అటుదాకా ఒకటే చెక్కబల్ల. రహస్యాల కేసు కాబట్టి ప్రతి మాటా విని రాసుకోవడానికి గోడకొక కంప్యూటర్ పెట్టారు. మైకు బల్లకే బిగించి ఉంది.

ఇవతల నూకరత్నం కూర్చుంది. అవతలికి వచ్చిన ప్రణవి సగమైపోయింది. కూర్చోకముందే అడిగింది.

"వచ్చారా?"

"తిన్నావా? ఏటలాగ సిక్కిపోనావు?"

"నూకరత్నమ్మా, డెబ్బై ఒక్క మంది. వాళ్లు వచ్చారా?"

నూకరత్నం మైకువైపు చూసింది. "సెప్పకూడదమ్మా. సంతకం ఎట్టినాను."

ప్రణవి ఆ మాటను రాలేదనే అర్థం చేసుకుంది. చెప్పకూడదంటే ఏమిటో ఆమెకంటే ఎవరికి తెలుసు? మెల్లగా తల వంచి బల్లకు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి.

నూకరత్నం ఆ తలను చూసింది. నిమరడానికి చెయ్యి చాపితే అద్దం తగిలింది. ఆ చెయ్యి బల్ల మీదికి దించి, వేళ్లు ముడిచింది.

టకటక... టక్.

చెక్క గుండా ఆ చప్పుడు నేరుగా ప్రణవి చెంపలోకి దిగింది. ఆమె తల ఎత్తింది. నూకరత్నం కళ్లు నీళ్లతో మెరుస్తున్నాయి, పెదవులు మాత్రం గట్టిగా బిగించుకుని ఉన్నాయి. మరోసారి కొట్టింది. వచ్చేత్తన్నానని చెప్పే పిలుపు. ఒడ్డు దగ్గరపడితేనే పిలిచే పిలుపు.

ప్రణవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో చేత్తో తిరిగి కొట్టింది.

గోడమీది కంప్యూటర్ చెవితాడు తెలివితోనే తయారైంది. అంతా శ్రద్ధగా విన్నది. తెర మీద ఒక్క వరుస రాసి, తనంతట తానే పక్కన పెట్టేసింది.

"బల్ల చప్పుడు. అవసరం లేదు."