ఒకటి ఇంటికి, ఒకటి నాకు

పాలు పొంగేలోపే కంప్యూటరు పక్కనున్న డిస్కుల పెట్టె కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. కోడలు గరిటె అక్కడే పడేసి పరుగెత్తింది. తెర మీద రెండో డిస్కు కనిపించడం లేదు.

"పోయిందా?" అన్నాడు భర్త, పళ్ళు తోముకుంటూనే.

"పోతే పోనీండి! అందుకేగా రెండు పెట్టాను. దీంట్లో ఉన్నదే దాంట్లోనూ ఉంటుంది. రెయిడ్ అంటే అదే" అంది కోడలు. కంగారు కన్నా హుషారే ఎక్కువగా ఉంది. రాత్రీ పగలూ ఆగకుండా తిరిగే రకం డిస్కు కావాలని నెల రోజులు వెతికి తెప్పించుకున్న కొత్తది నిన్ననే వచ్చింది మరి.

ఆ పెట్టెలో ఉన్నది మావయ్య గొంతు. బస్టాండు మైకులో ముప్పై ఏళ్ళు పలికిన గొంతు. గొంతు ఆపరేషనుకు ముందు ఆయన్ని కూర్చోబెట్టి కథలన్నీ చెప్పించి రికార్డు చేసింది కోడలే. ఆపరేషను తర్వాత ఆయనకు మాట లేదు, పలకా బలపమే.

పెట్టె తెరిస్తే రెండో అర ఖాళీగా ఉంది. పోయినదాన్ని భర్తే పీకేశాడనుకుని, అందులో కొత్త డిస్కు తోసింది. దేన్ని చెరిపి సిద్ధం చేయమంటావని తెర అడిగింది. అవతల పాలు మాడిన వాసన. గబుక్కున నొక్కేసింది.

నొక్కాక చూసింది. చెరిగింది కొత్తది కాదు, మిగిలిన ఆ ఒక్క పాతది.

"ఏమండీ... ఉన్న ఒక్కటీ చెరిపేశాను!"

విషయం తెలిసి భర్త భగ్గుమన్నాడు. "అద్దంలో బొమ్మలా రెండుంటాయి, భయం లేదన్నావే! ఇప్పుడు నాన్న గొంతు ఎక్కణ్ణుంచి తెస్తావ్? అమ్మకేం చెబుతావ్?"

"నేనే చెబుతాను" అంది కోడలు.

చెప్పాల్సిన పని లేకపోయింది. అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

"అమ్మాయ్, ఆ పెట్టె అరుపు దేనికి?"

"ఒక డిస్కు చచ్చిపోయింది అత్తయ్యా. రెండోదాన్ని నేను చేజేతులా చంపేశాను. తిట్టండి, పడతాను."

అత్తయ్య తిట్టలేదు. గిర్రున తిరిగి తన గదిలోకి పోయింది. తలుపేసుకుంటుందేమోనని కోడలు వెంటే వెళ్ళింది. ఆవిడ దిండు గలీబులో చెయ్యి పెట్టి, తువ్వాలులో చుట్టిన ఇటుకలాంటిదేదో తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చావలేదే తల్లీ. నా దగ్గరుంది."

"అమ్మా! నువ్వు పీకావా?"

"రెండూ ఒకటేనందిగా నీ పెళ్ళాం! ఒకటి ఇంటికి, ఒకటి నాకు అనుకున్నా. పొద్దున్నే లాగి తలుపు మూసేశా. అది ఇలా గోల పెడుతుందని నాకేం తెలుసు?"

"దిండులో పెడితే వినపడదు కదత్తయ్యా!"

"వినపడదని తెలుసులే. ఆయన గొంతు తల దగ్గరుంటే నిద్ర పడుతుందనిపించింది. అడిగితే నవ్వుతారని..."

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. నెల రోజులు ఏ డిస్కు ఎన్నాళ్ళు మన్నుతుందా అని చూసింది గానీ, ఆ కథలు వినాల్సిన మనిషి చేతికి వినే సాధనం ఒక్కటి ఇవ్వలేదు. కంప్యూటరు ముందు కూర్చోవడానికి అత్తయ్య ఎప్పుడూ జంకేది. ఆ సంగతి తనకు తట్టనే లేదు.

డిస్కు తగిలించింది. ఫైళ్ళు ఒకటొకటిగా తెర నిండా వచ్చి కూర్చున్నాయి.

"ఉన్నాయ్! అన్నీ ఉన్నాయ్!" కోడలు గంతేసి అత్తయ్యను వాటేసుకుంది.

"ఆ కొత్తదానిలోకీ ఎక్కించు" అన్నాడు భర్త, కాస్త తగ్గిన గొంతుతో. "ఇందాక అరిచాను. పట్టించుకోకు."

"దానిలోకీ, ఇంకో చిన్న ప్లేయరులోకీ. అది అత్తయ్యది. వేరే గదిలో ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు, నాతో సహా!"

కథ మొదలైంది. "దయచేసి వినండి..." అంటూ బస్టాండు మైకులో పలికినట్టే పలికింది గొంతు. అత్తయ్య అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ చప్పుడుకు మావయ్య లేచొచ్చాడు. కాసేపు తల వంచి విన్నాడు. పలక తీసుకుని మెల్లగా రాసి భార్యకు చూపించాడు.

"గొంతు బాగుంది. ఎవరో?"

"ఎవరో ఏమిటి, నా మొగుడు" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "కూర్చోండి, కథ అయ్యేదాకా కదలకండి."