అటకెక్కిన పచ్చడి జాడీ

పొద్దున్నే చాంద్‌బీ చేసిన మొదటి పని, పండుమిరప పచ్చడి జాడీని అటకెక్కించడం. కూరల్లో ఉప్పు తగ్గించి వారమైంది. ఆ చప్పిడి తిండి సయించక, ఆరో నెల కడుపుతో ఉన్న కోడలు మెహర్ చాటుగా ఆ జాడీలో వేలు పెడుతోంది మరి. చాంద్‌బీది ఊరికే వచ్చిన చాదస్తం కాదు. ఆవిడ చెల్లెలు అర్ఫా కాళ్లు వాచి, ఫిట్సొచ్చి, కడుపుతోనే పోయింది. ఉప్పే చంపిందని అప్పట్లో అందరూ అన్నారు. ముప్పై ఏళ్లయినా ఆ భయం పోలేదు.

మెహర్‌కి మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు పెళ్లికి ముందు నుంచే సరిగా పనిచేయవు. అవి తయారుచేయాల్సిన హార్మోన్లను బిళ్లలుగా మింగాలి. బిళ్లలు ఒక్క పూట కూడా మానొద్దనీ, ఉప్పు తగ్గించొద్దనీ గుంటూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చాంద్‌బీ బిళ్లల మాట విన్నది. ఉప్పు మాట మాత్రం చెవిన పెట్టలేదు.

“డాక్టరమ్మ చెప్పారు కదా అత్తమ్మా,” అంది మెహర్, కంచం ముందు కూర్చుని.

“డాక్టరమ్మ మా అర్ఫాని చూసిందా?”

మెహర్ ఎదురు చెప్పే పిల్ల కాదు. చప్పిడి అన్నం రెండు ముద్దలు తిని, బిళ్ల వేసుకుని లేచింది.

కాసేపటికే వాంతయింది. బిళ్ల కూడా బయటికొచ్చేసింది. మళ్లీ వాంతి. ఆరో నెలలో ఈ వేవిళ్లేమిటా అని సణుక్కుంటూ చాంద్‌బీ నిమ్మకాయ కోసింది. కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న కొడుకు కలీంకి కబురు కూడా చెయ్యలేదు. తీరా నిమ్మరసం పట్టుకెళ్తే, కోడలు వసారాలో నేలమీద పడి ఉంది. ఒళ్లంతా చల్లటి చెమట.

ఆవిడ కేకకి పక్కింటి నర్సు సంతోషకుమారి పరుగెత్తుకొచ్చింది. వాంతులు ఆగకపోతే వెంటనే చేయించమని డాక్టరమ్మ ఇచ్చిన హార్మోన్ ఇంజెక్షన్ బీరువాలో ఉంది. చాంద్‌బీ తాళంచెవి తెచ్చి ఇచ్చింది. సంతోషకుమారి తాళం తీసి, తొడకి సూది చేసి, 108కి ఫోన్ చేసింది. పర్చూరు నుంచి గుంటూరు దాకా చాంద్‌బీ కోడలి పొట్ట మీద చెయ్యి తీయలేదు.

రెండు సెలైన్లు ఎక్కాక మెహర్ కళ్లు తెరిచింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పాక గానీ, కబురంది పరుగెత్తుకొచ్చిన కలీం కూర్చోలేదు. తర్వాత డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసింది.

“ఉప్పు బాగా పడిపోయింది. తిండిలో తగ్గించారా?”

“నేనే సరిగా తినలేదు మేడం,” అంది మెహర్ నీరసంగా.

“అబద్ధం చెబుతోందండీ. నేనే మాన్పించాను,” అని చాంద్‌బీ అర్ఫా సంగతంతా చెప్పుకుని ఏడ్చింది.

“చంపేసేదానివి కదమ్మా,” అన్నాడు కలీం.

డాక్టరమ్మ అతన్ని ఆగమంది. “మీ చెల్లెలిది బీపీ పెరిగే జబ్బు అయ్యుంటుందమ్మా. ఈ అమ్మాయిది బీపీ పడిపోయే జబ్బు. ఆవిడకి చెప్పే జాగ్రత్త ఈ అమ్మాయికి ప్రమాదం.”

అందరూ వెళ్లాక చాంద్‌బీ మంచం పక్కన కూలబడింది. “నన్నెందుకు కాచావే తల్లీ?”

“మీరు భయపడ్డారు. అంతేగా అత్తమ్మా.”

నాలుగో రోజు ఇంటికొచ్చారు. చాంద్‌బీ కొడుకుచేత జాడీ దింపించి, వేడన్నంలో పచ్చడి కలిపి మొదటి ముద్ద మెహర్ నోటికి అందించింది.

“ఉప్పు చాలిందా?”

మెహర్ అత్త మొహంలోకి చూసి కాస్త తటపటాయించింది. “ఇంకొంచెం కావాలి అత్తమ్మా.”

చాంద్‌బీ ఉప్పు డబ్బా మూత తీసి కోడలి ఒళ్లో పెట్టింది.