పై రెండు గరిటెలు

గంగాదేవి నాతో మొట్టమొదట అన్న మాట, "ఏం సార్, నీళ్లను అంతగా మెచ్చుకుంటాండారు?"

రెండు వేల ఐదు, డిసెంబరు నెల. పెనుకొండ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో నిలబడి కాఫీ తాగుతున్నాను. ఓనరు గంగాధరతో, "ఇన్నాళ్లకు దొరికిందన్నా, అచ్చం లాటేలాగే ఉంది" అని పెద్ద కితాబు ఇచ్చి అప్పటికి నిమిషం కూడా కాలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌ని. మాది పెనుకొండ పక్కన ఎర్రమంచి. ఇంట్లో అమ్మ, నేను, రెండు బర్రెలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరు నెలలు బెంగళూరులో ట్రైనింగ్ ఇచ్చారు. మందుల గురించి ఏం నేర్చుకున్నానో మా మేనేజర్‌కే తెలియాలి. నేను మాత్రం లాటే తాగడం నేర్చుకుని వచ్చాను. పెద్ద కప్పు, చిక్కటి పాలు, పైన వేలెడంత నురుగు. తాగాక పెదవి మీద మీసంలా మిగిలేది.

తిరిగొచ్చాక నాకు ఏ కాఫీ తాగినా గొంతు దిగలేదు. వారంలో మూడు రోజులు హిందూపురం, రెండు రోజులు ధర్మవరం, ఒక రోజు పెనుకొండ. ఈ మూడు ఊళ్లలో నేను తాగని హోటల్ లేదు. డాక్టర్ల లిస్టు వెనకాల హోటళ్ల లిస్టు రాసుకున్నాను. హిందూపురంలో సంజీవప్పకు లాటే అంటే ఏమిటో అరగంట వివరించాను. ఆయన ఓపిగ్గా విని, బెంచీ ఎక్కి నిలబడి, కాఫీని అంత ఎత్తు నుంచి గ్లాసులోకి పోసి, గ్లాసు నిండా నురుగు తెచ్చి ఇచ్చాడు. ఊదితే అడుగున రెండు గుక్కలే మిగిలాయి. ధర్మవరంలో ఇంకొకాయన పాలల్లో పాలపొడి కలిపిచ్చాడు. అది నాలుగు రోజులు పళ్లను వదల్లేదు.

అట్లాంటి పరిస్థితుల్లో గంగాధర కాఫీ నాకు అమృతంలా అనిపించింది. సరిగ్గా అప్పుడు ఈ పొట్టి అమ్మాయి, భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా, "నీళ్లు" అనేసింది.

నాకు రోషం వచ్చింది. నేను బెంగళూరులో తాగినవాడిని అని చెప్పాను. ఆ అమ్మాయి బ్యాగులోంచి సన్నటి గాజు గొట్టం తీసింది. గంగాధర పక్కన పెట్టుకున్న పచ్చిపాలు ఒక పొడుగు గ్లాసులో పోయించి, అందులో ఆ గొట్టం వదిలింది. అది బుడుంగున మునిగింది.

"చూసినారా? మూడు చెంబులకు ఒక చెంబు నీళ్లుండాది. ఇంగ లాటే యాడిదొస్తాది?"

గంగాధర స్టవ్ వైపు తిరిగిపోయాడు. ఆ గొట్టం లాక్టోమీటర్ అనీ, ఆ అమ్మాయి పెనుకొండలో కొత్తగా పెట్టిన ప్రైవేటు పాల కేంద్రంలో టెస్టర్ అనీ, రోజూ ధర్మవరం నుంచి పొద్దుటి ప్యాసింజర్‌లో వస్తుందనీ తర్వాత తెలిసింది. పేరు గంగాదేవి. పాలల్లో నీళ్లు పట్టుకునే పిల్లకు గంగ అని పేరు పెట్టినవాళ్లు మహానుభావులు అన్నాను. నవ్వకూడదనుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు రోషం గుర్తు లేదు.

ఆ ప్యాసింజర్ పెనుకొండలో క్రాసింగ్ కోసం ఇరవై నిమిషాలు ఆగుతుంది. సోమ, బుధ, శుక్రవారాలు నేను హిందూపురం పోవలసింది ఆ బండికే. ఆమె దిగుతుంది, నేను ఎక్కాలి. అందరూ క్రాసింగ్‌ను తిట్టుకుంటుంటే నేనొక్కడినే ఎదురుబండి ఇంకా ఆలస్యం కావాలని మొక్కుకునేవాడిని.

ఆ ఇరవై నిమిషాల్లోనే వాళ్ల నాన్న వీరభద్రయ్య మగ్గం నేస్తాడని తెలిసింది. ఆమెకు మగ్గం శబ్దం లేకపోతే నిద్ర పట్టదని తెలిసింది. నా హోటళ్ల లిస్టు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. మూడు ఊళ్లు తిరిగి వెతికేదేముంది అంది.

"రుచి డికాక్షన్‌లో లేదప్పా, పాలల్లో ఉండాది. మీ ఇంట్లో బర్రెలుండాయి కదా. పైన తేలిన మీగడ రెండు గరిటెలు తీసి, పాలతో కాంచి చూడు. మళ్లీ బెంగళూరు పేరెత్తితే అడుగు."

"సార్" పోయి "అప్పా" వచ్చింది. ఆ సంతోషంలో నాకు ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

మా అమ్మ నాగమ్మ పొద్దున పితికిన పాలు ఊళ్లో వాడికలకు పోసేది. సాయంత్రం పాలు క్యాన్‌లో పోసి, చలికాలం కాబట్టి చన్నీళ్ల తొట్టిలో రాత్రంతా ఉంచేది. పొద్దున అవే ఆటోలో పెట్టుకుని పెనుకొండకు తీసుకుపోయేది, ఏ కేంద్రానికో నేనెప్పుడూ అడగలేదు. తెల్లారేసరికి క్యాన్‌లో పైన మీగడ దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. అమ్మ కొట్టంలో పేడ తీసే సమయానికి నేను గరిటె తీసుకుని బయల్దేరాను.

గంగ చెప్పింది అక్షరాలా నిజం. మొదటి గుక్కకే నేను బెంగళూరును మర్చిపోయాను. రెండో కప్పు ఫ్లాస్కులో పోసుకుని స్టేషన్‌కు పరిగెత్తాను. గంగ బండి దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, మూతలో పోసుకుని తాగింది. కళ్లు మూసుకుంది. పై పెదవి మీద తెల్లటి గీత మిగిలింది. తుడుచుకో అని చెప్పాలి. నేను చెప్పలేదు.

"ఇవీ పాలంటే" అంది. "మీ అమ్మ చేతికి దండం పెట్టాల."

ఇక చూడండి. వారానికి మూడు రోజులు, ఫ్లాస్కు, బెంచీ, క్రాసింగ్. రెండు గరిటెలు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. ప్రేమించేవాడు కొలతలు చూసుకుంటాడా?

మూడు వారాలు గడిచాయి. సంక్రాంతి లోపల అమ్మతో గంగ సంగతి చెప్పేయాలని నేను మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆ బుధవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. పక్కన పాల క్యాన్, నిండుగా. అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అడిగితే, కేంద్రంలో పాలు వెనక్కి పంపారంది. ఇది రెండోసారి. అంతకుముందు కూడా ఫ్యాట్ తక్కువ వస్తోందని హెచ్చరించారట. అక్కడ పద్ధతి ఏమిటంటే, ఒక్కో క్యాన్ టెస్ట్ చేసి, నంబరు పిలిచి, అందరికీ వినబడేలా ఫలితం చెబుతారు. మా అమ్మది ఇరవై ఏడో నంబరు. లైన్లో ఉన్న ఆడవాళ్లు నాగమ్మ కూడా నీళ్లు కలపడం నేర్చిందని మూతులు తిప్పారట. నిండు క్యాన్ తిరిగి ఆటోలో పెట్టుకుని వస్తుంటే దారిపొడవునా అందరూ అడిగినవాళ్లేనట. ఇంకొక్కసారి ఇట్లాగే వస్తే పేరు కొట్టేస్తామని అక్కడి మేనేజర్ తిమ్మరాజు చెప్పాడట.

"మీ నాయన పోయినాక ఈ పాలమీదే నిన్ను చదివించినా. చుక్క నీళ్లు కలిపినదాన్ని కాదు. ఆ పొట్టి పిల్ల ఎవురో, గాజు గొట్టం పట్టుకుని నన్ను దొంగను చేస్తాండాది. శుక్రవారం నువ్వూ రారా. చదువుకున్నోడివి, నువ్వే అడుగు."

పొట్టి పిల్ల, గాజు గొట్టం అనగానే అది గంగేనని తెలిసిపోయింది. ఇన్నాళ్లూ గంగకు నంబర్లే తెలుసు, మా అమ్మ ఎవరో తెలియదు. నాకేమో మా పాలు పోతున్నది గంగ కేంద్రానికేనని తెలియదు. అమ్మకూ గంగకూ మధ్య ఎట్లా రాజీ చెయ్యాలా అని ఒకటే ఆలోచన. ఇంత బుర్ర ఉన్నవాడికి ఆ గరిటె మాత్రం గుర్తు రాలేదు. శుక్రవారం తెల్లారి కూడా, అమ్మ నిలదీస్తే గంగకు కోపం వస్తుంది కదా, కాఫీ ఇస్తే చల్లబడుతుందని, మామూలుగా నాలుగు గరిటెలు తీసి ఫ్లాస్కు నింపుకున్నాను.

కేంద్రం ముందు ఇరవై మంది లైన్లో ఉన్నారు. గంగ నన్ను చూసి మెరిసిపోయింది. నా పక్కన అమ్మను చూసి ఆగిపోయింది. నేను కళ్లతోనే ఏదో చెప్పబోయాను. ఏం అర్థమైందో ఏమో, తల దించుకుని అమ్మ క్యాన్‌లో పాలు తీసి ఫ్యాట్ మిషన్‌లో పెట్టింది. అంకె చూసి పెదవి కొరుక్కుంది.

"ఇరవై ఏడో నంబరు. ఫ్యాట్ తక్కువ."

లైన్లో గుసగుసలు మొదలయ్యాయి. నీళ్ల మాట వినబడింది. తిమ్మరాజు పుస్తకం తెరిచి, పేరు కొట్టేయడానికి పెన్ను తీశాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉండండి సార్" అంది గంగ. లాక్టోమీటర్ పాలల్లో వదిలింది. అది మునగలేదు. తల పైకి పెట్టుకుని తేలింది. గంగ దాన్ని అందరికీ చూపించింది.

"నీళ్లు కలిపింటే ఇది మునగాల. మునగల్యా. ఈ అవ్వ నీళ్లు కలపల్యా. ఎవురో మీగడ తీస్తాండారు."

తర్వాత రిజిస్టరు తిప్పింది. మంగళవారం పాలు బాగున్నాయి. గురు, శనివారాలు బాగున్నాయి. తగ్గిందంతా సోమ, బుధ, శుక్రవారాలే.

"అవ్వా, ఆ మూడు రోజులు మీ ఇంట్లో క్యాన్ దగ్గరికి ఎవురు పోతారు?"

"ఎవురుండారమ్మా, నేనూ నా కొడుకే" అంది అమ్మ.

సోమ, బుధ, శుక్ర అని గంగ మళ్లీ మెల్లగా అనుకుంది. తలెత్తి నన్ను చూసింది. చూపు నా బ్యాగు మీదికి, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఫ్లాస్కు మీదికి జారింది. ఆమె ముఖం పాలిపోయింది. నాకు అప్పుడు వెలిగింది. మూడు వారాలుగా ఆ మీగడ తాగింది తనే, పాలు వెనక్కి పంపింది తనే.

ఆమె నోరు తెరవలేదు. నేనూ తెరవకపోతే పిల్లి తాగిందనో, క్యాన్ మూత సరిగ్గా లేదనో చెప్పి ఇంటికి పోవచ్చు. కానీ లైన్లో ఇరవై మంది మా అమ్మ వైపే చూస్తున్నారు. ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టాను.

"నేనే తీసినా. పొద్దున్నే, అమ్మకు తెలీకుండా. కాఫీకి."

"ఇంత మీగడ నువ్వొక్కడివే తాగినావా?" అంది అమ్మ నమ్మలేక.

"ఇద్దరం తాగినాం అమ్మా." గంగ వైపు చూశాను. ఇంకా దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఈ పిల్ల కోసం తెచ్చేవాణ్ణి. ఈ పిల్లంటే నాకు ఇష్టం. నిన్ను దొంగను చేసింది ఈమె కాదు, నేను."

లైన్లో ఎవరో పెద్దాయన నా పేరేమిటని అడిగాడు. కేశవ అన్నాను. అంతే, కేంద్రం అంతా ఒకటే నవ్వు. మీగడ దొంగకు భలే పేరు పెట్టావు నాగమ్మా అని ఇందాక మూతి తిప్పిన ఆడవాళ్లే నవ్వారు. తిమ్మరాజు కూడా నవ్వి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

అమ్మ నవ్వలేదు. ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి, ఒక గుక్క తాగి, మళ్లీ మూత పెట్టింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పొయ్యి పక్కన ఒక చెంబు మీద మూత పెట్టి ఉంది. అది నాదనీ, క్యాన్ జోలికి పోతే చేతులు విరుస్తాననీ అంది. చెంబులో మీగడ ఇద్దరికి సరిపడేంత ఉంది.

ఆ తర్వాత రెండు నెలలు రెండు ఇళ్లలోనూ చర్చలు నడిచాయి. వాళ్లది మగ్గం, మాది సేద్యం. వాళ్ల నాన్న చాలా రోజులు ఊ అనలేదు. చివరికి, నలుగురి ముందు తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఒకసారి చూద్దాం, రమ్మను అన్నాడట.

ధర్మవరం పోయాం. ముందు గదిలో చాప వేశారు. లోపలి గదిలో మగ్గం ఆగి ఉంది. గంగ కాఫీ తెచ్చింది. ఒక గుక్క తాగాను. వీధిలో కొన్న పాలు. గంగాధర హోటలే నయం అనిపించింది. గంగకూ ఆ సంగతి తెలుసు, సిగ్గుతో నా వైపు చూడటం లేదు. నేను గ్లాసు అడుగు కనబడేదాకా తాగాను.

అమ్మ మాత్రం గ్లాసు కింద పెట్టింది. నాకు భయమేసింది. వీరభద్రయ్య ముఖం మారింది. అమ్మ సంచిలో చెయ్యి పెట్టి, గుడ్డతో వాసెన కట్టిన చెంబు బయటికి తీసింది. ఆ పొద్దున పితికిన పాలు. ఎర్రమంచి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిందని నాక్కూడా తెలియదు.

"నా కోడలు ఈ పాలతో కాఫీ పెట్టాల" అంది. గంగ చెయ్యి చాపితే చెంబు ఇవ్వలేదు. "ఊరికే తీసుకోవద్దు. నీ గొట్టం తెచ్చి, చూసి తీసుకో."

గంగ వద్దంది. అమ్మ పట్టు వదల్లేదు. గంగ లోపలికి పోయి బ్యాగు తెచ్చింది. పెళ్లిచూపుల్లో, పట్టుచీర కట్టుకుని, పొడుగు గ్లాసులో పాలు పోసి, లాక్టోమీటర్ వదిలి, వంగి చూసింది. అమ్మ కేంద్రంలో నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

గంగ తలెత్తింది. వీధి చివరి వరకు వినబడేలా పిలిచింది.

"ఇరవై ఏడో నంబరు. పాలు బాగుండాయి."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.