బతికున్న మనిషికి తద్దినం

దక్షిణ కొరియాలో, పూసాన్ రేవు దగ్గర ఒక మేడ మీద పళ్ళ డాక్టరు బోర్డు ఉంది. ఆ డాక్టరు ఏనాడూ ఎవరి పన్నూ పీకలేదు. ఆయన పేరు మా దొక్‌హో, గూఢచారి శాఖలో సెక్షన్ చీఫ్. ఆ ఉదయం రోగి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాడు ఏజెంట్ నమ్ టేసొక్. ఎదురు మేడలోంచి ఎవరైనా చూస్తారేమోనన్న జాగ్రత్త అది.

"టార్గెట్ రేవులో ఆయిల్ డిపో," చీఫ్ అతని నోట్లోకి అద్దం పెట్టి చెప్పాడు. "మకావు గ్యాంగు. లీడర్ డెల్గాదో. బాంబు ఊళ్ళోకి వచ్చేసింది. ఎవరి దగ్గరుందో, ఎక్కడ పెడతారో తెలీదు. వాడి కుడిభుజం ఈవిడ. కోడ్ నేమ్ మాగ్నోలియా. డబుల్ ఏజెంట్. మనకి రెండుసార్లు నిజం చెప్పింది. మూడోసారి చెప్పింది నమ్మి వెళ్ళిన మనవాళ్ళిద్దరూ తిరిగి రాలేదు."

ఫోటో ఒకటి టేసొక్ గుండెల మీద పెట్టాడు. బొచ్చు కాలరు కోటు, ముత్యాల లోలాకులు, దట్టంగా లిప్‌స్టిక్.

టేసొక్ నోరు మూసుకున్నాడు.

"నోరు తెరువయ్యా, చూసేవాళ్ళేమనుకుంటారు?"

"ఈవిడ చచ్చిపోయింది సార్."

"నీకెలా తెలుసు?"

"ఏటా తద్దినం పెడుతున్నాను. పాంగ్ వొల్‌సన్. ఉత్తరాన హామ్‌హుంగ్‌లో మా వీధే. యుద్ధం రాకపోతే మా ఇల్లే అయ్యేది."

చీఫ్ అద్దం పక్కన పెట్టాడు. "అయితే దయ్యాలకి లిప్‌స్టిక్ ఎవడు అమ్ముతున్నాడో కనుక్కునిరా. దయ్యం బాంబుతో డిపో దగ్గర కనిపించిందా, నువ్వు కాల్చకపోతే నేను కాలుస్తాను."

యుద్ధంలో ఉత్తరం వదిలి పారిపోయిన నాటి హుంగ్నమ్ రేవు డిసెంబరు చలి టేసొక్ వేళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు. జనం ఓడ పక్కన వేలాడే వలలు పట్టుకుని ఎగబాకుతున్నారు. ముందు తను ఎక్కి చెయ్యి అందించాడు. వొల్‌సన్ ఉన్ని చేతితొడుగు అతని గుప్పిట్లో మిగిలింది. చెయ్యి మిగల్లేదు. ఓడ కదిలాక వెనక రేవంతా పేలిపోయింది.

పోయిన రోజు తెలియని వాళ్ళకి తొమ్మిదో నెల తొమ్మిదో నాడు పెట్టుకోవడం వాళ్ళలో ఆనవాయితీ. ఆ రోజున గిన్నెడు అన్నంలో చెంచా నిలబెట్టి, ఉత్తరానికి తిరిగి మొక్కేవాడు. పెళ్ళి సంబంధాలు తెచ్చి తెచ్చి విసిగిపోయిన ఇంటి ఓనరమ్మ, "నీకు బతికున్న ఆడది ఒక్కతీ నచ్చదేమయ్యా," అని దెప్పేది.

చీఫ్‌ని కలిసిన మర్నాడు సీగల్ టీరూంలో టేసొక్ వేషం, దొంగ సరుకు పడవలు నడిపే బేరగాడు. అతికించిన మీసం, జేబులో కెమెరా దాచిన లైటర్. పని ముగించుకుని పారిపోవడానికి డెల్గాదోకి పడవ కావాలి.

డెల్గాదో వచ్చాడు, వెనకాలే ఆమె. కూర్చుని, కప్పు అందుకుంటూ, కోడ్ మాట ఆమే అడిగింది.

"మీ పడవ ఆలస్యమా?"

"ఉత్తరం నుంచి వచ్చే పడవ ఎప్పుడూ ఆలస్యమే."

మీసం అబద్ధం ఆడగలదు గాని, గొంతు ఆడలేదు. ఆమె చేతిలో కప్పు పెదాల దాకా వెళ్ళలేదు.

అంతలో కౌంటర్లో డెల్గాదోకి ఫోను వచ్చింది. అతను అటు లేవగానే ఆమె వీధిలోకి చూస్తూ, నవ్వు మొహం చెదరనీయకుండా, చిన్నప్పటి హామ్‌హుంగ్ యాసలో అడిగింది.

"నువ్వు జైల్లో ఉన్నావన్నారు గదా?"

"ఎవుడన్నాడు?"

"ఈడే. నాను చెప్పినట్టు ఇంటే, హామ్‌హుంగ్ జైల్లో నీకు రెండు పూటలా కూడెడతారన్నాడు. ఈ ఏసమంతా నీ కూటి కోసరమే."

"నానిక్కడే ఉన్నాను. ఈ రేవులోనే. నీకు తద్దినాలెడతన్నాను."

ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వయితే బాగుండేది.

"మావోళ్ళిద్దరు పోయారు, వొల్‌సన్."

"అది అబద్ధమని నాకు తెలవదు. ఈడే ఆ కబురు నాచేత పంపించినాడు."

నమ్మాలనిపించింది. ఏజెంట్లని చంపేది తూటా కాదు, ఆ అనిపించడమే. "బాంబు ఎక్కడ?" అని అడిగేలోపు డెల్గాదో వచ్చేశాడు.

"తొమ్మిదో నాడు పొద్దున్న పడవ సిద్ధంగా ఉండాలి," అన్నాడు. "బల్ల సంగతి ఈవిడ చూసుకుంటుంది."

ఆ ఒక్క ముక్క చాలు. ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళంతా ఆ రోజు డిపో గోడ పక్కనే తద్దినాల బల్లలు వేస్తారు. డెల్గాదోని ముందే పట్టుకుంటే బాంబు దొరకదు, జనాన్ని ఆపితే వాడు ఇంకోచోటు చూసుకుంటాడు. వెళ్ళి కాపలా కాయడం ఒక్కటే దారి.

ఆ రోజు టేసొక్‌కి మారువేషం అక్కర్లేకపోయింది. అందరిలాగే తన బల్ల వేసుకున్నాడు, చేపల పులుసు పెట్టి, అన్నం గిన్నెలో చెంచా నిలబెట్టాడు. పక్కన చీఫ్ ధూపం కడ్డీలు అమ్ముతున్నాడు. బుట్ట అడుగున పిస్టలు. గోడ పొడుగునా పొగ. పోయినవాళ్ళ పేర్లు పిలిచి పిలిచి ముసలివాళ్ళ గొంతులు బొంగురుపోతున్నాయి.

వొల్‌సన్ వచ్చింది. తెల్లబట్టలు, ఖాళీ చెవులు. మూట పట్టుకుని వస్తూంటే నిజంగానే అవతలి లోకం నుంచి వచ్చినట్టుంది. వెనక పత్రికా ఫోటోగ్రాఫరు వేషంలో డెల్గాదో. ఆమె గోడవారగా బల్ల పరిచి ఒక్కొక్కటే సర్దుతోంది.

చీఫ్ చెయ్యి బుట్టలోకి వెళ్ళింది.

"ఆగండి సార్. అవి వండిన గిన్నెలే. బాంబు ఇంకెవడైనా తెస్తుంటే?"

"ఆ మాట ఆవిడ చెప్పాలిగా!"

"చెబుతుంది."

"నీకా? ఆవిడ మాట విని ఇద్దరు పోయారు, నువ్వు మూడోవాడివా?"

చేప, అన్నం, బేరిపళ్ళు అయ్యాయి. చివర్న ఆమె మూటలోంచి అమెరికన్ మిలిటరీ దుకాణం డబ్బా ఒకటి తీసి, దాని మీది బొమ్మ టేసొక్ వైపుకి తిప్పి పెట్టింది.

పీచ్ పళ్ళు!

పీచ్ వాసన తగిలితే ఆత్మలు ఆ ఛాయలకి రావని వాళ్ళ నమ్మకం. పిలిచి పీట వేసి, కుక్కని ఉసిగొల్పినట్టు. తాగి పడిపోయినవాడైనా తద్దినం బల్ల మీద ఆ పండు పెట్టడు. ఆ పట్టింపు తెలియని డెల్గాదోకి అది బాంబు దాచడానికి పనికొచ్చే వట్టి పళ్ళ డబ్బా. వొల్‌సన్ అప్పుడు తలెత్తి, టేసొక్ కళ్ళలోకి చూసింది.

"కాల్చకండి!" అని అరిచి టేసొక్ పరుగెత్తాడు. చాపలు, గిన్నెలు, ధూపాలు కాళ్ళ కింద పడుతున్నాయి.

"ఒరే దిక్కుమాలినోడా, మా ఆయన అన్నం తొక్కేశావురా!" అని ఒక ముసలామె వెనకనుంచి చెప్పు విసిరింది.

చేతికందిన డబ్బా పళ్ళు ఉన్నంత బరువుగానే ఉంది. కాని పళ్ళు టిక్‌టిక్‌మనవు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరాడు. అది నీళ్ళని తాకిందో లేదో, రేవు ఒక్కసారి అదిరింది. సముద్రం గోడలా లేచి అందరి నెత్తినా కూలింది. ధూపాలన్నీ ఆరిపోయాయి.

డెల్గాదో కెమెరా పడేసి వొల్‌సన్ మీదికి పిస్టలు ఎత్తాడు. పేలింది మాత్రం చీఫ్ బుట్టలోంచి. డెల్గాదో భుజం పట్టుకుని కూలబడ్డాడు.

చీఫ్ ఆమె మణికట్టుకి బేడీ వేశాడు. ఆమెకేసి చూడకుండానే అన్నాడు: "డిపో నిలబెట్టావు, ఆ మాట కోర్టులో నేనే చెబుతాను. ఆ ఇద్దరి మాట కూడా చెప్పాలమ్మా."

"చెప్పండి," అంది ఆమె.

"జైలుకి కూడు నాను తెస్తాను," అన్నాడు టేసొక్. "రెండు పూటలా."

ఆమె అతని బల్ల ముందు, తన పేరు రాసి పెట్టిన కాగితం ముందు చతికిలబడి, ఖాళీగా ఉన్న చేత్తో అన్నంలోంచి చెంచా పీకింది. చేపల పులుసు ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఇంత సముద్రం ఇందులో పడింది గదా! అయినా ఉప్పు చాల్లేదేటి?"

టేసొక్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా పెడతన్నాను," అన్నాడు. "ఒక్క ఫిర్యాదూ రాలేదు."