ఊపిరి పీల్చుకోమన్న నాన్న

ఆదివారం పొద్దున్న భావన పెసరట్లు వేస్తుంటే ఎవరో తలుపు కొట్టారు. తీసి చూస్తే కూతురు సంహిత. తాడేపల్లిగూడెం హాస్టల్లో ఉండాల్సిన పిల్ల, ఏలూరులో తమ గుమ్మం ముందు సంచితో నిలబడి ఉంది. లోపలికొచ్చి బూట్లు విప్పింది. పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి.

"మార్కులు తగ్గితే రాత్రంతా వరండాలో నిలబెడుతున్నారమ్మా. పొద్దున్నే గేటు తీయగానే వచ్చి రైలెక్కేశాను. నాన్నకి ఫోన్లో ముందే చెప్పాను."

భావనకి ఒళ్ళు మండిపోయింది.

జయంత్ ముందు గదిలో నుదుటికి పట్టీ పెట్టుకుని ధ్యానంలో ఉన్నాడు. మెదడు ఎంత నెమ్మదించిందో ఫోన్లో చూపించే పట్టీ అది. అతను జువాలజీ లెక్చరర్. ఆదివారాలు ధ్యానం గురించీ, మెదడు గురించీ క్లాసులు చెబుతాడు.

"ఏవండీ, పిల్ల మీకు చెప్పిందటగా?"

"భయంగా ఉందంది. మెదడులో భయం పుట్టించే అమిగ్డలా చేసే హడావుడి అది, ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నాను." అతను కళ్ళు తెరిచి భార్య ముఖం చూశాడు. "నువ్వూ ఓసారి ఊపిరి పీల్చుకో."

"పీల్చుకోను. నాకు కోపం వస్తే నా మెదడుదే తప్పు. పిల్లకి భయమేస్తే దాని మెదడుదే తప్పు. ప్రమాదం ఉందని మెదడు గంట కొడుతుంటే ప్రమాదాన్ని చూడాలా, గంట ఆపాలా? ఉన్నది ఉన్నట్టు చూడడమే ధ్యానమని మీరే కదండీ ఊరందరికీ చెబుతారు. మీ కూతుర్ని చూశారా?"

సంహిత మెల్లగా అంది. "నువ్వు చెప్పినట్టే చేశాను నాన్నా. నిలబడే చేశాను. కాసేపు భయం తగ్గింది. కాళ్ళ నొప్పే తగ్గలేదు."

జయంత్ పట్టీ తీసి పక్కన పడేశాడు. కింద కూర్చుని ఆమె పాదం పట్టుకున్నాడు. వేలు పెట్టిన చోట గుంట పడింది. అతని కళ్ళు నిండాయి.

"మొదటినుంచీ చెప్పమ్మా. మధ్యలో మాట్లాడను."

ఆమె చెప్పినంతసేపూ అతను పాదం వదల్లేదు. చివరికి తలెత్తి భార్య వైపు చూశాడు.

"నాకు చాలా కోపంగా ఉంది భావనా."

"ఉండనివ్వండి. అది రావాల్సిన కోపమే."

"ఒక్క నిమిషం. హాస్టల్ వాళ్ళ ముందు మాట తడబడకూడదు." కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి తీసుకున్నాడు. భావన స్టవ్ ఆపి వచ్చి, అతను లేచేదాకా ఆగింది.

"ముందు డాక్టరు దగ్గరికి, తర్వాత హాస్టల్‌కి," అన్నాడు.

సంహిత బెదిరిపోయింది. "నన్ను మళ్ళీ అక్కడ దింపరుగా నాన్నా?"

"దింపనమ్మా. నీ పెట్టె తెచ్చేసుకుందాం."